కొత్త అలవాటు నిజంగా 21 రోజుల్లో పడిపోతుందా?

లేదు, 21 రోజులన్నది పక్కా లెక్క కాదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనిస్తే, అలవాటు స్థిరపడటానికి పట్టే సమయం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనా తేలింది. మధ్యస్థంగా 66 రోజులు.

ఒకే పనిని ఒకే సందర్భంలో మళ్లీ మళ్లీ చేస్తుంటే మెదడు ఆ రెండింటినీ ముడివేస్తుంది. కొన్నాళ్లకు సందర్భం రాగానే, పెద్దగా ఆలోచించకుండానే పని మొదలైపోతుంది. గ్లాసు నీళ్లు తాగడం లాంటిదైతే ఈ ముడి త్వరగా పడుతుంది, వ్యాయామానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి.

కథలు రాయాలనుకునేవారు ‘రోజూ రాస్తాను’ అనుకుంటే అది రేపటికి వాయిదా పడుతూనే ఉంటుంది. ‘పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెట్టగానే, అదే కుర్చీలో అర పేజీ’ అనుకుంటే కాఫీయే గుర్తుచేస్తుంది. అర పేజీ మరీ తక్కువ అనిపించవచ్చు, కానీ మొదట్లో తక్కువే మేలు.

ఇక ఈ 21 ఎక్కడిదంటే, 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ తన రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశారు. ప్రచారంలో ఆ ‘కనీసం’ ఎగిరిపోయింది! ఒకరోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాలన్నదీ అపోహే. అది దీక్షల నియమం కావచ్చు. అలవాటు విషయంలో ఒక రోజు మానేసినా పెద్ద తేడా రాలేదని అదే పరిశోధనలో కనిపించింది.