వ్యాగన్ఆర్ వెనక పన్నెండడుగుల పడవ: రోడ్డు కంటే చెరువు ఒడ్డుతోనే కష్టం

మీరు అడిగింది ఇది: హన్మకొండలో ఉంటారు, 1.2 లీటర్ల పెట్రోల్ వ్యాగన్ఆర్ ఉంది, 12 అడుగుల ఫైబర్ పడవ కొంటున్నారు. ట్రైలర్ మీద పెట్టి ధర్మసాగర్ చెరువుకు, అప్పుడప్పుడు కరీంనగర్ పక్కన లోయర్ మానేరు జలాశయానికి తీసుకెళ్లాలి. ఇంజన్ లాగుతుందా?

లాగుతుంది. చదును రోడ్డు మీద 113 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న ఇంజన్‌కు మూడున్నర వందల కిలోలు పెద్ద బరువేం కాదు. ఎదురుగా బర్రె వచ్చినప్పుడు ఆపగలరా, చీకటి పడ్డాక తడి ఒడ్డు మీంచి బండిని పైకి తేగలరా అన్నవి చూసుకోవాలి. ఏఎంటీ, అంటే క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతట అవే మారే బండి అయితే నేను వద్దనే చెప్తా. వాలు మీద వెనక్కి అంగుళం అంగుళం జరపాలంటే క్లచ్ కాలి కింద ఉండాల్సిందే.

ముందు బరువు లెక్క. పడవ ఓ 130 కిలోలు, ట్రైలర్ 130, పది హార్స్‌పవర్ లోపు మోటారు 40, పెట్రోల్ డబ్బా, లంగరు, వలలు, జాకెట్లు కలిపి 40. మొత్తం 340. మీ కారు ఖాళీ బరువు 830 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. బ్రిటన్‌లో బ్రేకులు లేని ట్రైలర్‌కు పరిమితి కారు బరువులో సగం, అదీ 750 కిలోలు మించకుండా. ఆ లెక్కన మీకు 415 వరకు వస్తుంది. నా మాటగా 350 దగ్గర ఆగండి. మీ కారు పుస్తకంలో ట్రైలర్ గురించి ఏం రాశారో కూడా ముందే చదవండి. లాగొద్దని ఉంటే అక్కడికి ఆపేయండి, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేది ఆ పేజీనే.

ఇద్దరు మనుషులతో కారు వెయ్యి కిలోలు అనుకుందాం. వెనక బ్రేకులు లేని 340 తగిలితే అవే బ్రేకులు మూడో వంతు ఎక్కువ బరువును ఆపాలి. ఆగే దూరం కూడా దాదాపు అంతే పెరుగుతుంది. అందుకే 50, మహా అయితే 60 వేగం. కరీంనగర్ రోడ్డు ఖాళీగా ఉంది కదా అని 80 తొక్కితే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతూ తోక ఊపడం మొదలవుతుంది. ఊపినప్పుడు బ్రేకు గట్టిగా కొట్టొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే వేగం తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది.

తోక ఊపడానికి అసలు కారణం ఎక్కువసార్లు బరువు సర్దడంలో ఉంటుంది. బాల్ (ట్రైలర్‌ను తగిలించడానికి కారు వెనక ఉండే ఇనుప గుండు) మీద పడే బరువు మొత్తంలో పదో వంతు దగ్గర ఉండాలి, అంటే మీకు 30 నుంచి 35 కిలోలు. మోటారు పడవ వెనక పలకకే వేలాడుతుంది కాబట్టి వెనక బరువై ముందు తేలిపోతుంది. దీన్ని ధర్మకాంటా మీద తూచలేం, అది ఐదు పది కిలోల మెట్లలో చూపిస్తుంది. వడ్ల బస్తాలు తూచే చిన్న కాంటా తీసుకుని, చదును నేల మీద, కప్లర్ (బాల్‌ను పట్టుకునే ట్రైలర్ ముందు కొస) సరిగ్గా బాల్ ఎత్తులో నిలిచేలా కింద కట్టె దిమ్మ పెట్టి చూడండి. 20 చూపిస్తే పెట్రోల్ డబ్బా, లంగరు ముందుకు జరపండి. అప్పటికీ చాలకపోతే ఇరుసునే రెండు మూడు అంగుళాలు వెనక్కి జరపాలి. అందుకే ఇరుసును వెల్డ్ చేయించకండి, యూ బోల్టులతో బిగించమనండి. అలాగని 60 కిలోలు కూడా వేయొద్దు. వెనక ఇరుసు నుంచి బాల్ 70 సెంటీమీటర్ల అవతల ఉంటే, అక్కడ వేసిన ప్రతి పది కిలోలకు ముందు చక్రాల మీంచి దాదాపు మూడు కిలోలు లేస్తాయి. మీ బండిని నడిపేదీ తిప్పేదీ ఆ చక్రాలే.

ట్రైలర్ ఇక్కడే చేయించుకుంటారు కాబట్టి ఒక హెచ్చరిక. మన వెల్డింగ్ షాపుల వాళ్ల చెయ్యి ట్రాక్టర్ ట్రాలీలకు అలవాటు పడింది. వదిలేస్తే మందపాటి చానల్ వేసి, 250 కిలోల ట్రైలర్ చేసి, "గట్టిగుంటది సార్" అంటారు. పడవ కంటే ట్రైలరే బరువైతే మొత్తం లెక్క తలకిందులు. 50 బై 50 చదరపు గొట్టం, 3 మిల్లీమీటర్ల మందం చాలు. అది కూడా మీటరుకు నాలుగు కిలోల పైనే తూగుతుంది. ట్రాక్టర్‌కు వేసే పిన్ను, రింగు వద్దు. ఆ వదులుకు గేరు మార్చినప్పుడల్లా వెనక నుంచి గుద్దినట్టు ఉంటుంది. 50 మిల్లీమీటర్ల బాల్, దానికి తగిన లాక్ కప్లర్ తెప్పించుకోండి. టైర్లు పాత ఆల్టోవి, 145/80 ఆర్12, లోడ్ ఇండెక్స్ 74 చాలు. ఒక్కోటి 375 కిలోలు మోస్తుంది. స్ప్రింగులుగా ఆటో పట్టీలు నిండా వేస్తే ఈ తేలిక బరువుకు అవి వంగనే వంగవు, పడవ ఎగిరెగిరి పడుతుంది. ఒకటి రెండు పట్టీలు తీయించండి. అడుగున పడవను నాలుగు చోట్ల ఇనుము మీద ఆనిస్తే ఫైబర్‌కు సన్న పగుళ్లు వస్తాయి. పొడవాటి కట్టె బద్దలు రెండు వేసి, పాత కార్పెట్ చుట్టించండి.

బాల్‌ను మోసేలా కారుకు బిగించే కడ్డీ, అంటే టో బార్ విషయంలో అసలు పొదుపు పనికిరాదు. యాక్సెసరీ షాపుల్లో బంపర్ కింద పెట్టే మెరిసే బాల్ అలంకారం కోసమే. దాని వెనక సన్న రేకు తప్ప ఏమీ ఉండదు. బార్ డిక్కీ అడుగున రెండు పక్కలా ఉండే చాసిస్ మెంబర్లకు (బండి బరువు మోసే దూలాలకు), లోపలి వైపు మందపాటి ప్లేట్లు వేసి బోల్టులతో బిగించాలి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత బోల్టులు మళ్లీ బిగించండి, కచ్చితంగా కొంత వదులవుతాయి. రెండు గొలుసులు కప్లర్ కింద అడ్డంగా, ఎక్స్ ఆకారంలో తగిలించాలి. కప్లర్ ఊడినా ట్రైలర్ ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా వాటి మీద పడుతుంది. లైట్లకు ఎర్త్ తీగ, మామూలుగా తెల్లది, విడిగా వేయించండి. బాల్ ద్వారానే ఎర్త్ దొరుకుతుందిలే అని వదిలేస్తే గుంతల్లో ఇండికేటర్లు ఇష్టమొచ్చినట్టు వెలుగుతాయి.

కాగితాలు: మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. చేయించే ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి. ఇక చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది, పడవ దించే ముందు వాళ్లను అడగడం మర్యాదే కాదు, అవసరం. పాకాల చెరువు మాత్రం అభయారణ్యంలో ఉంది, అక్కడ అటవీ శాఖ అనుమతి కావాలి.

రోడ్డు మీద ఇంకో రెండు మాటలు. యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు. మీ కారు 1.62 మీటర్ల వెడల్పు. ట్రైలర్ టైర్ల బయటి అంచులు అంతకు మించితే కారు దాటిన రాయి ట్రైలర్‌కు తగులుతుంది. మలుపులో అది ఇంకా లోపలికి కోసుకుని వస్తుంది. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లకు రంగు ఉండదు, ఎత్తు మాత్రం ఉంటుంది. నైలాన్ తాడు సాగుతుంది కాబట్టి పడవను రాచెట్ బెల్టులతో కట్టండి, ముక్కుకు ఒకటి విడిగా.

ఇప్పుడు ఒడ్డు. మన చెరువులకు పడవ దించే ర్యాంపులు ఉండవు. ఉన్నవి బతుకమ్మ మెట్లు, లేదంటే చేపల బండ్లు దిగే మొరం దారి. వాలు ఎనిమిది అడుగులకు ఒక అడుగు అనుకోండి. కారు, మనుషులు, ట్రైలర్ కలిపి 1,350 కిలోలు. వాలుకే 170 కిలోల లాగుడు కావాలి. గట్టి మొరం మీద చక్రాలు దొర్లడానికి ఇంకో 55, మొత్తం 225. ముందు చక్రాల మీద 480 కిలోల బరువుంటే మొరం మీద పట్టు 290 దాకా వస్తుంది, ఎక్కేస్తారు. అదే నల్లరేగడి బురదలో దొర్లడానికే 135 కావాలి, మొత్తం 305. పట్టు మాత్రం 145కు పడిపోతుంది. చక్రం అక్కడక్కడే తిరిగి తిరిగి గుంత తవ్వుకుంటుంది, క్లచ్ వాసన వస్తుంది.

కాబట్టి కారును బురదలోకి దించనే దించకండి. పైన గట్టి నేల మీదే ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, ట్రైలర్ విప్పండి. ముక్కు కింద చిన్న చక్రం ఉంటుంది కాబట్టి ఇద్దరు పట్టుకుని దించుతారు. 12 మిల్లీమీటర్ల మోకు 15 మీటర్లది కారు టో బార్‌కు కట్టి ఉంచాలి, లేకపోతే ట్రైలర్ నీళ్లలోకి వెళ్లిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు 340 కిలోలకు వాలుకు 43, బురదకు 50, వంద లోపే. చదును మీద ఉన్న కారు మొదటి గేరులో మెల్లగా లాగేస్తుంది. మోకు బిగిసినప్పుడు దాని వరుసలో ఎవరూ నిలబడొద్దు, తెగితే కొరడాలా తిరిగి వస్తుంది.

దించే ముందు కర్రతో నీళ్లలో పొడిచి చూడండి. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో ఒడ్డుకు దగ్గరలోనే నిలువు గుంతలు ఉండొచ్చు. మోకాలి లోతు ఉన్న చోట రెండడుగులు ముందుకేస్తే నడుము లోతు.

ఏడాదికి మూడు నాలుగు సార్లే వెళ్లేట్టయితే ఇదంతా వద్దు, ట్రాలీ ఆటో కిరాయికి మాట్లాడుకోండి. 130 కిలోల పడవను నలుగురు ఎత్తేస్తారు. నెలకు రెండు మూడు సార్లు వెళ్లేవాళ్లకే సొంత ట్రైలర్ గిట్టుబాటు.

చివరిగా బేరింగులు. 70 కిలోమీటర్లు నడిచి వేడెక్కిన హబ్‌ను నేరుగా చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుని, సీలు దాటి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజు పాలలా తెల్లగా మారిందంటే అదే జరిగింది. చెరువు చేరాక 20 నిమిషాలు ఆగండి, హబ్ మీద చెయ్యి పెట్టగలిగితేనే దించండి. వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి, తర్వాత ఇరుసు నీళ్లలో మునిగిన ప్రతి ఐదారు సార్లకు ఒకసారి విప్పి, డీజిల్‌తో కడిగి, నీటికి తట్టుకునే లిథియం గ్రీజు నింపండి. పాత సీలు మళ్లీ వేయొద్దు. చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పితే గరగరమనకూడదు, పైనా కిందా పట్టుకుని ఊపితే కొద్దిగా మాత్రమే ఆడాలి.