ఫర్‌మార్క్ పాసైనంత మాత్రాన కార్డు స్టేబుల్ కాదు

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తా. నా దగ్గర ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉంది. సంక్రాంతి టైంలో కార్డు స్పీడు మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో కోర్ (చిప్ స్పీడు) +150, మెమరీ +1000 మెగాహెర్ట్జ్ పెట్టి, కార్డు మీద లోడు వేసి పరీక్షించే ఫర్‌మార్క్ అరగంట నడిపితే ఏం కాలేదు, ఇక స్టేబులే అనుకున్నా. ఎండలు ముదిరాక రెండరింగ్ మధ్యలో స్క్రీన్ నల్లబడి సాఫ్ట్‌వేర్ మూసుకుపోతోంది. గేమ్ ఆడినా అంతే. ఫర్‌మార్క్ మాత్రం ఇప్పటికీ పాసవుతోంది. కార్డు పోయినట్టేనా?

జవాబు: ఇంత మాత్రానికే కార్డు పోయిందనుకోకు తమ్ముడూ, టెన్షన్ వద్దు. ముందు ఆఫ్టర్‌బర్నర్‌లో రీసెట్ నొక్కి, ఆగిపోయిన అదే ప్రాజెక్టును మళ్లీ రెండర్ చెయ్. సాఫీగా అయిపోతే తప్పు ఓవర్‌క్లాక్‌దే, అంటే నువ్వు పెంచిన స్పీడుదే. అప్పుడూ ఆగితే డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్), ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే పెట్టె), పవర్ కేబుల్ వైపు చూడాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ కూడా తెరువు, స్క్రీన్ నల్లబడిన టైంకి ‘డిస్‌ప్లే’ పేరుతో 4101 నంబరు ఎంట్రీ ఉందేమో చూడు. కార్డు 2 సెకన్లు బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడుతుంది, ఆ ఎంట్రీ దాని గుర్తు.

ఇక ఫర్‌మార్క్ సంగతి. అది వేసే లోడు ఎంత ఎక్కువంటే, 3060 తన 170 వాట్ల హద్దును వెంటనే తాకి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. అది నడిచేటప్పుడు క్లాక్ (చిప్ స్పీడు) అంకె గమనించు, గేమ్‌లో కనిపించేదానికంటే బాగా కిందే ఉంటుంది. అంటే నువ్వు పెట్టిన సెట్టింగ్‌లో పై స్పీడు అసలు పరీక్షకే రాలేదు. గేమ్‌లో, ఎడిటింగ్‌లో లోడు ఒక క్షణం పెరుగుతుంది, ఒక క్షణం తగ్గుతుంది, తగ్గినప్పుడే క్లాక్ పైకి ఎగురుతుంది, కార్డు ఎక్కువగా తడబడేది అక్కడే. కూలింగ్, ఎస్‌ఎంపీఎస్ ఎలా ఉన్నాయో చూసుకోవడానికి ఫర్‌మార్క్ పనికొస్తుంది, అంతవరకే.

ఇంకోటి, నువ్వు పరీక్షించింది సంక్రాంతి చలిలో. మే నెలలో నల్లగొండ జిల్లాలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఫ్యాన్ అదే స్పీడులో తిరుగుతుంటే గది ఎంత వేడెక్కితే కార్డూ దాదాపు అంత వేడెక్కుతుంది. వేడి చిప్ అదే స్పీడులో తప్పు చేయకుండా నడవాలంటే ఇంకాస్త వోల్టేజీ కావాలి, అది అందనప్పుడు చలికాలంలో అంచు మీద నిలబడ్డ సెట్టింగ్ ఎండాకాలంలో నిలబడదు. పైగా మీ ఊరి రైస్ మిల్లుల దుమ్ము. క్యాబినెట్ తెరిచి ఫ్యాన్ల సందుల్లోంచి టార్చి వెయ్, సన్నటి అల్యూమినియం రేకుల మధ్య బూడిదరంగు పొర కనిపిస్తే గాలి సరిగ్గా పోవట్లేదని అర్థం. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకో, గిర్రున తిరగనివ్వకు. గదిలోని ఎయిర్ కూలర్‌ను కూడా నేరుగా క్యాబినెట్ వైపు తిప్పొద్దు, ఆ గాలిలో తేమ ఉంటుంది.

శుభ్రం చేశాక మళ్లీ మొదట్నుంచి రా. పరీక్ష మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు పెట్టుకో, నువ్వు పనిచేసే గదిలోనే, తలుపులు రోజూ ఎలా ఉంటాయో అలాగే ఉంచి. ముందు కోర్ ఒక్కటే 15, 15 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుకుంటూ సూపర్‌పొజిషన్ లాంటి గ్రాఫిక్స్ పరీక్షను లూప్‌లో తిప్పు. ఎక్కడో ఒకచోట క్రాష్ అవుతుంది, అక్కడి నుంచి కనీసం 30 వెనక్కి రా. తర్వాత త్రీడీమార్క్ టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్ పెట్టు. అది ఒకే సీన్‌ను 20 సార్లు తిప్పి, ఫ్రేమ్ రేటు నిలకడ 97 శాతం పైన ఉంటే పాస్ అంటుంది. అయితే అది చూసేది నిలకడనే, బొమ్మలో వచ్చిన తప్పుల్ని కాదు. తప్పులు లెక్కపెట్టడానికి ఓసీసీటీ అనే టెస్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఎర్రర్ డిటెక్షన్ ఆన్ చేసి త్రీడీ టెస్ట్ నడుపు, ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. ఇదంతా అయ్యేదాకా ఆఫ్టర్‌బర్నర్‌లో విండోస్ మొదలవగానే సెట్టింగ్ వేసే ఆప్షన్ ఆపెయ్, లేకపోతే బూట్ అయిన వెంటనే హ్యాంగ్ అయ్యే సెట్టింగ్‌తో ఇరుక్కుంటావ్.

మెమరీ విడిగా పెంచాలి, రెండూ కలిపి పెంచితే తప్పు దేనిదో తెలియదు. మెమరీ ఎక్కువైతే క్రాష్ కాకుండా కూడా మోసం చేస్తుంది. తప్పుగా చేరిన డేటాను మళ్లీ పంపుకోవడంలోనే టైం పోయి స్కోరు తగ్గొచ్చు. అందుకే ప్రతిసారీ స్కోరు రాసుకో. +600 కంటే +800కి స్కోరు తగ్గితే +800 వద్దు. ఆ తర్వాత ఓసీసీటీలో వీర్యామ్ (కార్డు మెమరీ) టెస్ట్ తప్పకుండా నడుపు.

నీకు ఇది గేమ్ కోసమే అయితే క్రాష్ అయినప్పుడు మళ్లీ ఆడుకుంటావ్. కానీ నీ చేతిలో ఉన్నది ఒకరి పెళ్లి. రెండర్ ఆగిపోతే కనీసం నీకు తెలుస్తుంది. ఆగకుండా పూర్తయి, జీలకర్ర బెల్లం పెట్టే షాట్‌లో పెళ్లికూతురు ముఖం మీద రెండు ఫ్రేముల పాటు ఆకుపచ్చ గళ్లు పడితే అది నీకంటే ముందు వాళ్ల ఇంట్లో టీవీ మీద కనబడుతుంది. అన్నీ కష్టపడి సెట్ చేసినా వచ్చే లాభం ఎక్కువసార్లు ఐదారు శాతమే. నా మాట వింటే పని కోసం అండర్‌వోల్ట్ చెయ్, అంటే చిప్‌కు అందే వోల్టేజీ తగ్గించు. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కితే గ్రాఫ్ వస్తుంది, 1,850 మెగాహెర్ట్జ్‌ను 0.9 వోల్ట్ దగ్గర నిలిపి మొదలుపెట్టు. కార్డు చల్లగా ఉంటుంది, స్పీడు పెద్దగా పోదు. అయితే దీనికీ ఆ పరీక్షలన్నీ చెయ్యాలి, వోల్టేజీ తక్కువైనా అలాగే క్రాష్ అవుతుంది.

ప్రశ్న: మాది గద్వాల. సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొనబోతున్నాను. షాపులో తక్కువ టైంలో ఏం చూడాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: పెన్‌డ్రైవ్‌లో కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్, కార్డును పరీక్షించే ఓసీసీటీ వేసుకుని వెళ్లండి. జీపీయూ-జెడ్‌లో కార్డు పేరు ముందు ‘ఫేక్’ అని వస్తే అక్కడితో వదిలేయండి. ఆఫ్టర్‌బర్నర్ ఉంటే రీసెట్ కొట్టించండి, కొందరు స్పీడు తగ్గించి క్రాష్ కాకుండా చూపిస్తారు. తర్వాత వీర్యామ్ టెస్ట్, త్రీడీ టెస్ట్ చెరో పది నిమిషాలు నడిపి, కోర్ టెంపరేచర్‌తో పాటు హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) టెంపరేచర్ కూడా చూడండి. రెండింటి మధ్య తేడా 25 డిగ్రీలు దాటితే థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి పంపడానికి పూసే పేస్ట్) ఎండిపోయి ఉండొచ్చు, ఆ మేరకు ధర తగ్గించమనండి. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టులన్నిటికీ ఒక్కొక్కటిగా కేబుల్ పెట్టి చూశాకే డబ్బులివ్వండి.