మల్కాజిగిరిలో సగం మందే ఎందుకు ఓటు వేస్తారు?

"దేశంలోకెల్లా ఎక్కువ మంది ఓటర్లున్న లోక్‌సభ స్థానం హైదరాబాద్ శివార్లలోని మల్కాజిగిరి. అక్కడ పోలింగ్ సగం దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? చదువుకున్నవాళ్లకు బద్ధకమా?" అని ఒకరు నన్ను అడిగారు. బద్ధకం అనే మాట నేను ఒప్పుకోను. నేను ఆ నియోజకవర్గంలోనే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో పాతికేళ్లుగా ఉంటున్న లెక్కల మాస్టారిని. ఇది లెక్కలో పొరపాటు.

2024 మే 13, సోమవారం పోలింగ్. ముందురోజు సాయంత్రం మా అపార్టుమెంటులో ఓటరు స్లిప్పులు పంచే పని నేను పెట్టుకున్నాను. 32 ఇళ్లకు 91 స్లిప్పులు. మొదటి అంతస్తులోనే మూడు తాళాలు. రెండో అంతస్తులో ఒక తలుపుకు వేలాడుతున్న పాల సంచీలో చీటీ: "మంగళవారం దాకా పాలు వద్దు." 13 ఇళ్ల తాళంచెవులు వాచ్‌మన్ దగ్గర ఒకే గుత్తిలో ఉన్నాయి. శుక్రవారం రాత్రే కార్లన్నీ విజయవాడ దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు, లోక్‌సభకు పోలింగ్ అదే రోజు మరి! 2014లో ఇక్కడ ఏప్రిల్ 30న, అక్కడ మే 7న జరిగింది. 2019 నుంచి రెండుచోట్లా ఒకటే తేదీ. రాత్రంతా ప్రయాణం చేసి సొంతూళ్లో ఎండలో వరుసలో నిలబడేవాళ్లను బద్ధకస్తులని ఎలా అంటారు?

ఇక నా చేతిలో మిగిలిన స్లిప్పులు చూడండి. ఒకే ఇంటి నంబరు మీద ఎనిమిది పేర్లు. ఆ ఇంట్లో ఉంటున్నది ముగ్గురు. మిగతా ఐదుగురు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్లు. కిందటేడు పోయిన పెద్దాయన పేరు కూడా భద్రంగా ఉంది. శాతం లెక్కలో కింద ఉండే హారం, అంటే జాబితాలోని మొత్తం పేర్లు, ఇలా ఉబ్బిపోతే శాతం తగ్గక ఏం చేస్తుంది? రెండుచోట్ల పేరు ఉండకూడదని చట్టం చెబుతుంది. జాబితా సరిచేసే పని మాత్రం ఎన్నికల ముందు హడావిడిగా చేస్తారు, తర్వాత మరిచిపోతారు.

అసలు ఈ నియోజకవర్గం ఒక ఎంపీ మోయగలిగినదేనా? 2001 జనాభా లెక్కల ఆధారంగా గీసిన గీతలు ఇవి. 2009లో తొలి ఎన్నిక. నిజాంపేట వైపు ఖాళీ నేలల్లో అపార్టుమెంట్లు లేచాయి గానీ గీతలు కదలలేదు. 2024 నాటికి ఓటర్లు 37 లక్షలు దాటారు. లక్షద్వీప్‌లో అరవై వేలు కూడా లేరు. అక్కడా ఒక ఎంపీ, ఇక్కడా ఒక ఎంపీ!

టీవీ చర్చల్లో "సెటిలర్ల ఓటు", అంటే ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల ఓటు, అని ఒక్క మాటతో తేల్చేస్తుంటే నాకు మంటగా ఉంటుంది. మా పిల్లలు పుట్టింది ఇక్కడే, వాళ్లు ఎక్కడి సెటిలర్లు? జీడిమెట్ల కార్మికులు, మల్కాజిగిరి రైల్వే ఉద్యోగులు, సైనిక్‌పురిలో స్థిరపడ్డ మాజీ సైనికులు, కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ చుట్టుపక్కల దేశం నలుమూలల నుంచి వచ్చిన కుటుంబాలు, ఎస్సీ రిజర్వుడు అయిన సికింద్రాబాద్ కంటోన్మెంట్, మేడ్చల్ పల్లెలు... వీళ్లందరినీ ఒకే గాటన ఎలా కడతారు? 2009లో కూకట్‌పల్లి శాసనసభకు లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణను పంపింది మేమే. లోక్‌సభకు 2009లో కాంగ్రెస్ నుంచి సర్వే సత్యనారాయణ, 2014లో తెలుగుదేశం తరఫున మల్లారెడ్డి, 2019లో 11 వేల లోపు మెజారిటీతో కాంగ్రెస్ నుంచి రేవంత్ రెడ్డి, 2024లో 3.9 లక్షల మెజారిటీతో బీజేపీ నుంచి ఈటల రాజేందర్ గెలిచారు. నాలుగుసార్లూ నలుగురు వేర్వేరు ఎంపీలు. 2023 నవంబరులో ఏడు శాసనసభ స్థానాలనూ బీఆర్ఎస్‌కు ఇచ్చినవాళ్లే ఆరు నెలలు తిరగకుండా అదే పార్టీని మూడో స్థానంలో నిలబెట్టారు. ఆలోచించి ఓటు వేసేవాళ్లే ఇలా చేస్తారు.

మంగళవారం రాత్రి లిఫ్టులో నాలుగో అంతస్తు అతను కలిశాడు. సిరా గుర్తున్న వేలు చూపించి, "మాకు అక్కడ అయిపోయింది మాస్టారూ" అన్నాడు. అతని ఇంటివి నాలుగు స్లిప్పులు నా జేబులోనే ఉన్నాయి. ఇచ్చి, "రెండుచోట్ల ఉన్న పేర్లలో ఒకటి తీయించుకో నాయనా, దానికి పెట్టే ఫారం 7 నేనే తెచ్చిస్తాను" అన్నాను. తెచ్చిచ్చాను కూడా. ఇంకా నింపలేదు. ఈ ఆదివారం మళ్లీ తలుపు తడతాను.