హుషారుగా ఉన్న రోజుల సంగతి డాక్టరుకు చెప్పారా?

"మా తమ్ముడికి డిప్రెషన్ అని మాత్రలు రాశారు. మా బంధువొకాయన అది బైపోలార్ కావచ్చు అంటున్నాడు. రెండింటికీ తేడా ఎట్లా తెలుస్తుంది?" అని మీరు అడిగారు.

దిగులుగా పడుకుని ఉన్న మనిషిని చూసి ఆ తేడా ఎవరూ చెప్పలేరు. బైపోలార్ అంటే కొన్నాళ్ళు దిగులు, కొన్నాళ్ళు అతి హుషారు వచ్చే జబ్బు. దిగులు రెండు జబ్బుల్లోనూ ఒకేలా ఉంటుంది. తేడా తెలిసేది ఆ మనిషి అంతకుముందు అతి హుషారుగా గడిపిన రోజుల్లో. ఇంట్లోవాళ్ళు వాటిని మంచి రోజులు అనుకుంటారు కాబట్టి డాక్టరుకు చెప్పరు. మేమూ చెప్పలేదు.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. 2018లో వానల్లేక బోర్లు ఎండిపోయి, పదకొండేళ్ళు పెంచిన చీనీ తోట మా కళ్ళముందే కట్టెలైపోయింది. అప్పటి నుంచి మా అన్న మంచం దిగలేదు. వదిన పళ్ళెం పెట్టిపోతే అన్నం అట్లే ఎండిపోయేది. తోట దిగులు అన్నారు ఊళ్ళో. చెట్లు పోతే ఏ రైతుకు దిగులుండదు అని మేమూ నమ్మాం. అమ్మ కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకుంది. నెల దాటినాక ఒక డాక్టరుకు చూపించాం. నిద్ర, ఆకలి, చావాలనే ఆలోచనలు, ఈ మూడూ అడిగి ఐదు నిమిషాల్లో డిప్రెషన్ మాత్రలు రాసిచ్చాడు.

మూడో వారంలో అన్న లేచాడు. గడ్డం గీసుకుని, తలకు పోసుకుని, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని రెండు ముద్దల సంగటి తిన్నాడు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొడుకు లేచినాడని నాయన ఊరంతా చెప్పుకొచ్చాడు.

తర్వాత ఒక రాత్రి, ఒంటిగంట దాటాక, చేని దిక్కు నుంచి బోరు బండి మోత వినిపించింది. టార్చి పట్టుకుని పోయాను. అన్న లుంగీ ఎగగట్టుకుని బండి పక్కనే నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా తెల్లటి రాతిపిండి, కనురెప్పల మీద కూడా. నీళ్ళు చూసే టెంకాయ ఒకటి అరచేతిలో పెట్టుకున్నాడు. "రేయ్, ఏడువందలు దిగినాం. ఇంకో రెండొందలు పోతే గంగ ఎగిసి పైకొస్తాది. నాకు కనపడతా ఉంది" అన్నాడు. పైపు నోట్లోంచి మాత్రం పొడి దుమ్ము తప్ప ఏమీ రావడం లేదు. అది మూడో బోరు. మొదటి రెండూ అంతకుముందు రాత్రుల్లోనే వేయించాడట. తిరుచెంగోడు నుంచి వచ్చిన బండి అది. దాని డ్రైవరు నన్ను పక్కకు పిలిచి, "మీ అన్న నిద్రపోడా? మేం వంతులు మారుతున్నాం, ఆయన మాత్రం నాలుగు రోజులుగా ఇక్కడే నిలబడి ఉన్నాడు" అన్నాడు. నెలరోజులు ఇంట్లో ఉన్న మాకు అర్థం కానిది ఆ డ్రైవరుకు నాలుగు రోజుల్లో అర్థమైంది. బండి ఆపమన్నందుకు అన్న నా చొక్కా పట్టుకున్నాడు. వదిన బంగారం కుదువ పెట్టాడని తెల్లారినాక తెలిసింది.

అనంతపురంలో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకుపోయాం. ఆమె అన్నను ఒక పక్క కూర్చోబెట్టి, వదినతో అరగంట మాట్లాడింది. ఇట్లా ఇంతకుముందు ఎప్పుడైనా ఉన్నాడా అని అడిగితే వదిన ఆలోచించి, పెళ్ళైన మరుసటి ఏడు నలభై మేకలు అప్పుకు కొన్న సంగతి చెప్పింది. పది రోజులు రాత్రీ పగలూ మాట్లాడుతూనే ఉన్నాడు, సర్పంచుగా నిలబడతానన్నాడు, ఆ తర్వాత రెండు నెలలు ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ మేకల కథ మేం ప్రతి పండక్కీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. మా తాత తమ్ముడు దేశాలు పట్టిపోయిన సంగతి కూడా ఆ రోజే బయటికొచ్చింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నది కూడా డాక్టర్లకు కావలసిన విషయమే.

ఇట్లాంటి హుషారు వారం రోజులు ఉంటే మేనియా అంటారని, కాస్త తక్కువగా నాలుగు రోజులైనా ఉంటే హైపోమేనియా అంటారని, బైపోలార్ ఉన్నవాళ్ళకు డిప్రెషన్ మాత్రలొక్కటే ఇస్తే కొందరికి మేనియా లేస్తుందని ఆమె చెప్పింది. నిద్ర గురించి ఆమె చెప్పినది నాకు బాగా పట్టింది. డిప్రెషన్‌లో నిద్ర రాక మనిషి నలిగిపోతాడు, మేనియాలో మనిషికి నిద్రే అక్కరలేదు, రెండు గంటలు పడుకుని పులిలా లేస్తాడు. పొద్దున కోపం, సాయంత్రం నవ్వు ఉన్నవాళ్ళనల్లా "వాడు బైపోలార్" అనడం ఈమధ్య ఎక్కువైంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. చొక్కా మార్చినట్టు మారే మూడ్ కాదది, రోజులూ వారాలూ మనిషినే మార్చేసే జబ్బు.

అన్నకు లిథియం అని, మూడ్ అటూఇటూ పోకుండా నిలిపే మందు ఇచ్చారు. కొత్త మందేమో అని అమ్మ భయపడింది. ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ దీన్ని 1949లోనే మేనియాకు వాడి రాశాడు, ఖరీదు కూడా తక్కువే. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తపరీక్ష చేయించాలి, థైరాయిడ్, కిడ్నీలు కూడా చూపిస్తుండాలి. మా జిల్లా ఎండలకు ఇంకో జాగ్రత్త ఉంది. చెమటకు ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణుకుతాయి, వాంతులవుతాయి, నడక తూలుతుంది. అందుకే అన్న చేనికి పోతే వదిన ఉప్పేసిన మజ్జిగ చెంబు వెంట పంపుతుంది. ఒకసారి నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ ఇచ్చి పంపారు. నువ్వు వేరే మందులేమైనా వాడుతున్నావా అని ఒక్క మాట అడగలేదు. ఆ మాత్ర కూడా లిథియాన్ని పెంచుతుంది. వదిన చూసి ఆపింది కాబట్టి సరిపోయింది.

మీ తమ్ముడి మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి, అది ఇంకో ప్రమాదం. చావు మాట ఎత్తితే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. 14416 టెలీ మానస్ నంబరు, మానసిక బాధలకు ప్రభుత్వం నడిపే ఫోను సాయం, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి అతన్ని ఒక్కడినే పంపకండి. తమ్ముడిని చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళను, పెళ్ళైతే భార్యను, వెంట తీసుకుపోండి. మేకల సంగతి మా అన్నను అడిగితే, "అప్పుడు నేను బాగున్నా కదా" అన్నాడు.