కుటుంబ ఆరోగ్య చరిత్రలో మూడు తరాల గురించి ఎందుకు అడుగుతారు?

కొన్ని జబ్బులు ఒక తరంలో పైకి కనిపించకుండానే తర్వాతి తరానికి చేరగలవు కాబట్టి, నర్సింగ్ విద్యార్థులకు తల్లిదండ్రులతో ఆగక తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, మేనమామలు, మేనత్తల ఆరోగ్యాన్ని కూడా అడిగి రాసుకోవడం నేర్పుతారు. ఇలాంటి జబ్బుల్లో చాలావాటిలో లోపమున్న జన్యువు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ అందితేనే వ్యాధి బయటపడుతుంది. ఒకరి నుంచే అందినవారు వాహకులుగా, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు.

ఉదాహరణకు, పాడేరు ఏజెన్సీ నుంచి విశాఖపట్నానికి కాన్పు కోసం వచ్చిన ఒక గర్భిణిని తీసుకుందాం. “మీ ఇంట్లో వంశపారంపర్య జబ్బులున్నాయా?” అంటే ఆమె లేవనే చెప్పవచ్చు. “చిన్న వయసులో పోయినవారున్నారా, తరచూ ఒళ్లునొప్పులతో, రక్తహీనతతో బాధపడినవారున్నారా, మీది మేనరికమా?” అని విడివిడిగా అడిగితే, చిన్నప్పుడే పోయిన మేనమామ సంగతి బయటికి వచ్చి, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య రక్తవ్యాధి) పరీక్ష అవసరమని తెలుస్తుంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. వంశవృక్షం గీసేటప్పుడు పురుషులకు చతురస్రం, స్త్రీలకు వృత్తం వేసి, మేనరికాన్ని జంట గీతతో చూపుతారు. ఆ గీతను మరచిపోకూడదు.

ఇంట్లో ఒకరికి ఉన్న జబ్బు మనకూ రాక తప్పదనుకోవడం చాలామందిలో ఉన్న అపోహ. షుగరు, బీపీ వంటి వాటిలో కుటుంబ చరిత్ర ముప్పు ఎక్కువని మాత్రమే సూచిస్తుంది, అందుకే అలాంటివారికి పరీక్షలు ముందుగా మొదలుపెడతారు.