జాబితా వేసే ముందు ఆ వెయిట్లు చూడమ్మా

తిరుపతి

చిరంజీవి లావణ్యకు, పెదనాన్న ఆశీస్సులు.

ఏ వైద్యానికి ముందు డబ్బు ఇవ్వాలో లెక్కగట్టే పని నీకు అప్పగించారని నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. లెక్క మాత్రం మానొద్దు. లెక్క లేనిచోట పలుకుబడి ఉన్నవాళ్ల జబ్బుకే నిధులు పోతాయి, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అదే చూశాను.

అయితే షీటు తెరవగానే వెయిట్లు, అంటే ఒక్కో ఆరోగ్యస్థితిలో బతికిన ఏడాదికి ఇచ్చే విలువలు, ఎవరు వేశారో అడుగు. వైద్యం వల్ల ఎన్నేళ్లు, ఎంత ఆరోగ్యంగా బతుకుతారో కొలిచే క్వాలీ (QALY) లెక్కలో పూర్తి ఆరోగ్యంతో బతికిన ఏడాదికి 1, మరణానికి 0. కాళ్లు చచ్చుబడిన మనిషి ఏడాదికి 0.6 అని పెట్టారనుకో. అతనికీ, నడిచే మనిషికీ ఒకే గుండెజబ్బు, ఒకే ఖర్చు, వైద్యం చేస్తే ఇద్దరూ పదేళ్లు బతుకుతారు. నడిచే మనిషికి 10 వస్తుంది, ఇతనికి 6. కాళ్లు పనిచేయవన్న ఒక్క కారణంతో గుండెకు వైద్యం దగ్గర కూడా వెనకబడ్డాడు! ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు. మన బర్డ్ ఆసుపత్రికి మూడు చక్రాల బండిలో వచ్చేవాళ్లతో ఒక పూట కూర్చో, వాళ్ల ఏడాది విలువ వాళ్లే చెబుతారు.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 1990లో ఇలాంటి జాబితానే వేస్తే, పంటికి తొడుగు వేయడం అపెండిక్స్ ఆపరేషన్ కంటే పైన వచ్చింది. ఖర్చు తక్కువ కదా! దాన్ని మార్చి రాసినా, వికలాంగులకు అన్యాయం జరుగుతుందని 1992లో అక్కడి కేంద్ర ప్రభుత్వం తిప్పి పంపింది. జబ్బుల వల్ల, ముందే చనిపోవడం వల్ల పోయిన ఆరోగ్యకరమైన ఏళ్లను కొలిచే డాలీ (DALY) లెక్కలో పడుచువాళ్ల ఏళ్లకు ఎక్కువ విలువ ఇచ్చేవారు, ప్రపంచవ్యాప్తంగా జబ్బుల భారాన్ని లెక్కగట్టే 2010 అధ్యయనం నుంచి దాన్ని తీసేశారు. మనుషులు పెట్టిన అంకెలే, మార్చమని నువ్వూ అడగొచ్చు.

ఖర్చు గడి కూడా చూడు. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు పల్లె నుంచి వచ్చేవాళ్ల బస్సు చార్జీ, తోడొచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి అందులో ఉన్నాయా? బీపీ మాత్రల పక్కన పెడితే డయాలసిస్ ఎలాగూ ఖరీదైనదే. అయినా అది ఆపితే ఎవరు చనిపోతారో మనకు పేర్లతో సహా తెలుసు. ఆ మాట నివేదికలో రాయాల్సిందే.

వెయిట్లు మార్చి మార్చి జాబితా వేసి చూడు. ఎలా వేసినా కదలని వాటిని ధైర్యంగా సిఫారసు చెయ్యి. పైకీ కిందికీ మారేవాటికి కారణం తెలుగులో ఒక పేజీ రాసి పెట్టు. ‘ఒకే అంకె ఇవ్వండి’ అని పైవాళ్లు తొందరపెడితే టెన్షన్ పడకు, ఆ పేజీ చేతికివ్వు.

ఖరారు చేసే మీటింగుకు రోగులనూ వికలాంగులనూ పిలిపించు. మేడ మీది హాల్లో మాత్రం పెట్టొద్దు, చక్రాల కుర్చీ నేరుగా లోపలికి వచ్చే చోటు చూడు.

నీ పెదనాన్న