వైద్యం చేసేవారికి ఆ బాధ తెలిసి ఉండాలా?

ప్రశ్న: మా చెల్లెలికి ఇరవై రెండేళ్లు. కోపమో దుఃఖమో పట్టలేనప్పుడు తనను తాను గాయపరచుకుంటుంది. ఎంతో బతిమాలి ఒక సైకాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్లాము. రెండోసారి వెళ్లినప్పుడు మా చెల్లి ఆమెను "మీరెప్పుడైనా ఇలాంటిది పడ్డారా?" అని అడిగిందట. ఆమె "మనం నీ గురించి మాట్లాడుకుందాం" అన్నారట. "నా బాధ ఆవిడకేం తెలుసు" అంటూ మా చెల్లి అప్పటి నుంచి వెళ్లడం మానేసింది. ఈ బాధ పడినవారే ఈ వైద్యం చేయగలరా? ఒకప్పుడు మానసిక రోగిగా ఆసుపత్రిలో ఉన్న అమెరికా మహిళ ఒకరు తర్వాత పెద్ద సైకాలజిస్టు అయ్యారని విన్నాను. ఆమె గురించి చెప్పగలరా?
– పేరు వద్దన్న పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు విన్నది మార్షా లినెహాన్ గురించి. మీ చెల్లెలు అడిగిన ప్రశ్ననే ఆమెను కూడా ఒక పేషెంటు అడిగింది. లినెహాన్ చేతుల మీది పాత మచ్చలను చూసి, "మీరూ మాలో ఒకరేనా?" అంది. ఈ ప్రశ్నకు ఆమె లోకమంతటికీ వినబడేలా జవాబు చెప్పింది 2011లో. అప్పటికి ఆమెకు 68 ఏళ్లు. ఆమె రూపొందించిన చికిత్స అప్పటికే అనేక దేశాలలో వాడుకలో ఉంది.

1943లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో, ఆరుగురు పిల్లలున్న కుటుంబంలో ఆమె పుట్టారు. చదువులో చురుకైన పిల్లే అయినా, ఇంట్లో అందరిలా తాను లేనన్న భావం ఆమెను చిన్ననాటి నుంచే తొలిచేది. 1961లో, పదిహేడేళ్ల వయసులో, కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని 'ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్' అనే మానసిక వైద్యశాలలో చేర్పించారు. అక్కడ తనను తాను గాయపరచుకోవడం మితిమీరడంతో ఆమెను ఒంటరి గదిలో ఉంచారు. ఒక మంచం, ఒక కుర్చీ, ఊచలు బిగించిన చిన్న కిటికీ, అంతే ఆ గది. గాయపరచుకోవడానికి వస్తువేదీ అందకుండా చేస్తే, ఆమె తలను గోడకేసి, నేలకేసి కొట్టుకునేవారు. ఆనాటి వైద్యులు స్కిజోఫ్రేనియా అని నిర్ధారించి, బలమైన మందులు ఇచ్చారు, కరెంటు షాక్ చికిత్స కూడా చేశారు. 26 నెలల తర్వాత ఇంటికి పంపేనాటికి కూడా ఆమె కోలుకుంటుందన్న నమ్మకం ఎవరికీ పెద్దగా లేదు. తనకు ఉన్నది 'బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్' అయి ఉంటుందని, అంటే భావోద్వేగాలు అదుపు తప్పి ఎగసిపడే స్థితి అని, ఆమె చాలా ఏళ్ల తర్వాత చెప్పుకొన్నారు.

ఆ నరకం నుంచి తాను బయటపడితే, తిరిగి వచ్చి మిగిలినవారిని కూడా బయటికి తెస్తానని ఆ రోజుల్లోనే దేవునికి మాట ఇచ్చానని ఆమె రాశారు. ఆసుపత్రి నుంచి వచ్చాక షికాగోలో బీమా కంపెనీలో గుమస్తాగా పనిచేస్తూ, లయోలా విశ్వవిద్యాలయంలో రాత్రి తరగతులకు వెళ్లి చదువుకున్నారు. 1967లో ఒక రాత్రి ప్రార్థనామందిరంలో మోకరిల్లి ఉండగా కలిగిన అనుభూతితో పరుగున తన గదికి వెళ్లి "నన్ను నేను ప్రేమిస్తున్నాను" అని పైకే అన్నారట. ఆ తర్వాత నిరాశ మళ్లీ మళ్లీ వచ్చినా, తనను తాను గాయపరచుకోకుండానే దాన్ని తట్టుకోగలిగారు. 1971లో పీహెచ్‌డీ పూర్తి చేశారు.

ఆమె గతం విన్నవారు సహజంగానే "తన అనుభవాన్నే చికిత్సగా మలిచారన్నమాట" అనుకుంటారు. ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. తనకు అవసరమై కూడా దొరకని సహాయాన్నే ఈ చికిత్సలో అందించానని ఆమె చెప్పిన మాట నిజమే. అయితే తనకు మేలు చేసింది కాబట్టి అందరికీ మేలు చేస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. బ్రతకడమే భారమైపోయిన స్త్రీలకు చికిత్స చేస్తూ, ఏది పనిచేస్తోందో, ఏది చేయడం లేదో పరీక్షించుకుంటూ వెళ్లారు. "ఇలా మారు, అలా ఆలోచించు" అని మొదలుపెడితే, తప్పంతా తమదే అంటున్నారని పేషెంట్లు ముడుచుకుపోయేవారు. మార్పు మాటెత్తకుండా ఓదారుస్తూ కూర్చుంటే, తమ నరకం ఎంత భరించరానిదో ఈమెకు అర్థం కాలేదని ఉడికిపోయేవారు. అందుకే రెండింటినీ ఒకే గంటలో, ఒకే సంభాషణలో పట్టుకునే పద్ధతిని తయారుచేశారు: నీకు కలిగిన బాధకు కారణం ఉంది, అయినా నువ్వు స్పందించే తీరు మారాలి. దాని పేరు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, వాడుకలో డి.బి.టి. సాధారణ చికిత్స పొందినవారికంటే ఏడాది పాటు ఈ చికిత్స పొందిన స్త్రీలలో ఆత్మహత్యాయత్నాలు, తమను తాము గాయపరచుకోవడం తగ్గాయని, ఆసుపత్రిలో గడిపిన రోజులు కూడా తగ్గాయని చూపే అధ్యయనాన్ని ఆమె బృందం 1991లో ప్రచురించింది. తన గతాన్ని బయటపెట్టడానికి ఇరవై ఏళ్ల ముందే ఆమె పద్ధతి తన కాళ్ల మీద తాను నిలబడిందన్నమాట.

ఈ చికిత్స లోపల జరిగేది ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక అమ్మాయి మంగళవారం రాత్రి తనను తాను గాయపరచుకుందనుకోండి. చికిత్స చేసేవారు ఉలిక్కిపడరు, మందలించరు, జాలి కూడా కురిపించరు. ఆ క్షణం నుంచి వెనక్కి ఒక్కొక్క మెట్టే దిగుతూ అడుగుతారు. దానికి ముందు ఏమైంది? అన్నయ్య ఫోన్ లాక్కున్నాడు. అంతకుముందు? పరీక్ష ఫలితం వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నావా? లేదు. ముందు రాత్రి నిద్ర? మూడు గంటలు. ఈ గొలుసులో ఏ లంకె దగ్గర వేరే పని చేసి ఉండవచ్చో ఇద్దరూ కలిసి వెతుకుతారు. ఆ వేరే పనులను నేర్పడానికి వారానికొక బృంద తరగతి ఉంటుంది. ఉద్వేగం తారస్థాయికి చేరినప్పుడు చల్లని నీళ్లలో ముఖం ముంచి కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టడం అలాంటి ఒక నైపుణ్యం. దానితో గుండె వేగం తగ్గుతుంది. (గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇది చేయకూడదు.) రోజూ ఏ ఉద్వేగం ఎంత తీవ్రంగా వచ్చిందో ఒక కార్డు మీద గుర్తు పెట్టుకోవాలి. కష్ట సమయంలో, హద్దులు ముందే చెప్పుకొని, చికిత్స చేసేవారికి ఫోన్ చేయవచ్చు. చికిత్స చేసేవారు కూడా ప్రతివారం తోటివారితో కూర్చుని తమ అలసటను, చిరాకును, భయాన్ని మాట్లాడుకుని తీరాలి. వైద్యుని వ్యక్తిగత జీవితం వైద్యంలోకి ఎలాగూ వస్తుందని గుర్తించి, దానికి ఒక చోటు కల్పించిన ఈ ఏర్పాటు నాకు ఎంతో ముఖ్యమనిపిస్తుంది.

మీరు ఇంట్లో చేయగలిగినది కూడా లినెహాన్ సిద్ధాంతంలోనే ఉంది. పుట్టుకతోనే సున్నితమైన మనసున్న పిల్లలు "ఇంత చిన్నదానికా ఏడుస్తావు?", "నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అనే మాటల మధ్య పెరిగితే, తమకు కలిగే బాధను తామే నమ్మలేని స్థితికి వస్తారని ఆమె అంటారు. ఈ మాటలు మన ఇళ్లలో ప్రేమతోనే అంటాము. వాటి బదులు "నీకు అంత కష్టంగా ఉందా? చెప్పు, వింటాను" అంటే మీ చెల్లెలు చేసిన పనిని మీరు ఒప్పుకున్నట్టు కాదు, ఆమె బాధను ఒప్పుకున్నట్టు.

ఇక మీ అసలు ప్రశ్న. ఆ బాధ పడినవారే వైద్యం చేయాలనే నియమం లేదు. పడినవారు చేయకూడదనీ లేదు. తన గురించి చెప్పకపోవడం ఆ సైకాలజిస్టు తప్పు కాదు. పేషెంటుకు కేటాయించిన సమయం తన కథకు పోకూడదని ఆమె అనుకొని ఉండవచ్చు. కానీ ఆ ప్రశ్న వెనుక "నన్ను చూసి మీకు అసహ్యం వేయడం లేదు కదా?" అనే భయం ఉంది. దానికి జవాబు రాలేదు. మీ చెల్లెలిని ఒక్కసారి వెళ్లి ఇదే మాట నేరుగా అడగమనండి. అప్పటికీ కుదరకపోతే మరొకరిని వెతుక్కోవడంలో తప్పు లేదు.

ప్రశ్న: మరొకరిని వెతికేటప్పుడు ఏమేమి అడగాలి?

జవాబు: క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదయ్యారా, ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు, తనను తాను గాయపరచుకునేవారికి చికిత్స చేసిన అనుభవం ఉందా, మధ్యలో అత్యవసరమైతే ఎవరిని సంప్రదించాలి అని అడగండి. ఈ ప్రశ్నలకు నొచ్చుకునేవారి దగ్గర ఉండనక్కరలేదు. చెప్పిన విషయాలను గోప్యంగా ఉంచాలని కోరే హక్కు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. ఈలోగా ఏ రాత్రయినా పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే ఆమెను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 'టెలి మానస్' నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే ఆ ఫోన్ కోసం కూడా ఆగకుండా నేరుగా దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్లండి.